జమ ఎవరి ఖాతాలో?

గడచిన ఏప్రిల్ నెలాఖరులో మేం పదిహేడు మందిమి కన్యాకుమారి వెళ్ళాం. అందరం రక్షణశాఖ లెక్కల విభాగంలో పనిచేసి రిటైరైనవాళ్ళం, మా ఇంటివాళ్ళు. "ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ కుర్చీలోనే బతికాం, ఇప్పుడైనా నడుద్దాం" అని ఒకాయన మొదలుపెట్టిన నడక బృందం ఇది. ఆదివారాలు సికింద్రాబాదులో నడుస్తాం. ఏడాదికోసారి దూరప్రయాణం చేసి అక్కడ నడుస్తాం. ఈసారి దేశం కొసకు వెళ్ళి ఆ కొస చుట్టూ నడవాలని పెద్దల కోరిక. పడమటి వైపు కోవళం అనే జాలరి ఊరు (కేరళలో పేరుపడ్డ కోవళం కాదు, ఇది వేరు) దగ్గర మొదలుపెట్టి, ఒడ్డు వెంటే గాంధీ మండపం, త్రివేణి సంగమం దాటి, తూర్పున చిన్నముట్టం రేవు దాకా నడక. టూరు లెక్కలు రాసే పని నాది. నేను చదివింది బి.కాం., చేసింది ఆడిటు. అందుకని ఎక్కడికి వెళ్ళినా ఆ పుస్తకం నా సంచీలోకే వచ్చి చేరుతుంది.

ఆ పుస్తకంలో సోమవారం పేజీలో రెండు పద్దులున్నాయి. ఒకటి, అభిషేకానికి వసూలైన చందా, 11,116 రూపాయలు. రెండోది, ప్రాణం కాపాడిన కుర్రాడికి ఇవ్వబోయింది, 500 రూపాయలు. అతను పుచ్చుకోలేదు.

ఈ వ్యాసం ఆ రెండు పద్దుల గురించి.

జరిగింది జరిగినట్టు ముందు చెబుతాను, వాదన తర్వాత.

ఆదివారం రాత్రి లాడ్జిలో ఫోను చూస్తుంటే ఒక హెచ్చరిక కనబడింది. కన్యాకుమారి తీరానికి 'కళ్ళక్కడల్' ప్రమాదం ఉందనీ, సోమవారం పదకొండు దాటాక అలల ఉధృతి పెరుగుతుందనీ, ఒడ్డున రాళ్ళమీదికి వెళ్ళవద్దనీ దాని సారాంశం. భోజనాల దగ్గర ఆ సంగతి చెప్పాను. మా ఏఓ గారు, అంటే ఒకప్పుడు నాకు పై అధికారి, చాలా మంచి మనిషి, నవ్వి, "ఇదిగో, మన హేతువాది గారు సముద్రానికి కూడా ఆబ్జెక్షన్ మెమో వేశారు" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఈ 'నేనూ నవ్వాను' అన్న మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

సోమవారం ఆరింటికి సూర్యోదయం చూశాం. ఏడున్నరకి నడక మొదలుపెట్టాలని ముందే అనుకున్నాం. బయల్దేరబోతుంటే ఒకావిడ, "ఇవాళ సోమవారం కదండీ, ఏడున్నర నుంచి తొమ్మిది రాహుకాలం" అన్నారు. "మంచిపని చేశావమ్మా, లేకపోతే పెద్ద పొరపాటే జరిగేది" అని ఏఓ గారు అందర్నీ కూర్చోబెట్టేశారు. తొమ్మిదయ్యాక టిఫిన్లు, టిఫిన్లయ్యాక కొబ్బరికాయ. నడక మొదలయ్యేసరికి తొమ్మిదిన్నర దాటింది.

పడమటి ఒడ్డున ఏం గాలి! టోపీలు ఎగిరిపోయాయి, చీర చెంగులు నిలబడలేదు. పక్కవాడు చెప్పేది వినబడాలంటే చెవి దగ్గర అరవాలి. ఆ గాలిలోనే మా గైడు, తెలుగు బాగానే మాట్లాడతాడు, అలవాటైన కథలన్నీ చెప్పాడు. ఇక్కడ మూడు సముద్రాలు మూడు రంగుల్లో కలుస్తాయట. అమ్మవారి పెళ్ళి ఆగిపోతే వంటకాల కోసం తెచ్చిన బియ్యం, పప్పు ఇసకై పోయాయట, అందుకే ఇక్కడి ఇసక రకరకాల రంగుల్లో ఉంటుందట. అమ్మవారి ముక్కుపుడక మెరుపు చూసి దీపస్తంభమనుకుని ఓడలు రాళ్ళకు కొట్టుకునేవట, అందుకే గుడి తూర్పు వాకిలి మూసి ఉంచుతారట.

సముద్రాల పేర్లు మనం పటం మీద రాసుకున్నవి. నీళ్ళకు సరిహద్దు రాయి ఉండదు. రంగు తేడా లోతును బట్టి, నీళ్ళలో కలిసిన మట్టిని బట్టి, పైన మబ్బును బట్టి వస్తుంది. ఇసక రంగుల సంగతి ఇంకా తేలిక. నల్లనిది ఇల్మనైటు, ఎర్రనిది గార్నెట్టు. అదే జిల్లాలో మణవాళకురిచ్చి దగ్గర కేంద్ర ప్రభుత్వ సంస్థ ఈ ఖనిజాలనే ఇసక నుంచి వేరుచేసి అమ్ముతోంది. థోరియం ఉండే మోనజైటు కూడా అందులోదే. పప్పూ బియ్యమూ అయితే అణుశక్తి శాఖకు దానితో పనేమిటి?

అయితే ముక్కుపుడక కథ మీద నాకు గౌరవముంది. ఆ కథ అల్లినవాళ్ళు మనకన్నా లోకజ్ఞానం ఉన్నవాళ్ళు. ఓడలు రాళ్ళకు తగులుతున్నాయంటే వాళ్ళ కథలో హోమం చెయ్యలేదు, తలుపు మూశారు.

పదకొండు దాటింది. ఉన్నట్టుండి గాలి పడిపోయింది. "చూశారా, సముద్రం కూడా చల్లబడింది" అని ఎవరో అన్నారు. అందరికీ ప్రాణం లేచొచ్చింది. దిగువన నల్లరాళ్ళు కనబడుతున్నాయి. ఏఓ గారి భార్య, మేమంతా వదినగారూ అని పిలుస్తాం, సముద్రానికి పసుపు కుంకుమ ఇచ్చి నిమ్మకాయ వదలాలని దిగారు. ఆవిడ వెనక మరో నలుగురు, ఫోటోలకి. కాస్త దూరంలో ఇసకమీద ఒక కుర్రాడు వల బాగుచేసుకుంటున్నాడు, ఇరవై రెండేళ్ళుంటాయేమో. లేచి నిలబడి చేతులూపుతూ తమిళంలో ఏదో అరుస్తున్నాడు. గవ్వలు అమ్మేవాడనుకున్నాం. "వద్దు, వద్దు" అని మేమూ చేతులూపాం.

ముందు నీళ్ళు వెనక్కి పోయాయి. తర్వాత అల వచ్చింది. సినిమాల్లో చూపించినట్టు లేచి విరగలేదు. మొత్తం నీటిమట్టమే పెరిగినట్టు, చప్పుడు లేకుండా రాళ్ళమీదికి వచ్చేసింది. నలుగురు పడుతూ లేస్తూ పైకి వచ్చారు. వదినగారు రెండు రాళ్ళ మధ్య సందులోకి జారిపోయారు. తల ఒక్కసారి కనబడి మళ్ళీ కనబడలేదు. మేం పదిమంది మగవాళ్ళం అక్కడ నిలబడి ఉన్నాం, అరవటం తప్ప ఏమీ చెయ్యలేదు. ఆ కుర్రాడు పరుగెత్తుకుంటూ వచ్చి దూకాడు. రెండో అల వచ్చేలోగా ఆవిణ్ణి చంకల కింద పట్టుకుని రాయిమీదికి తోశాడు. ఆవిడకి మణికట్టు విరిగింది. కళ్ళజోడు, చేతిసంచీ పోయాయి. కుర్రాడికి రాళ్ళమీది గుల్లలు కోసుకుని మోకాలి కింద జానెడు గాయమైంది, రక్తం కారుతోంది.

అందరూ వదినగారి చుట్టూ మూగారు. సహజమే. "ఆ పిల్లాడి కాలు ఎవరైనా చూశారా?" అని అడిగింది మా ఆవిడ ఒక్కతే. రోజూ దీపం పెట్టే మనిషి. తన తువ్వాలు చింపి కట్టుకట్టింది కూడా తనే. ఆస్తికులంతా ఒకలాగే ఉంటారని రాసే నా హేతువాద మిత్రులు దీన్ని కూడా నమోదు చేసుకోవాలి.

ఏఓ గారు వణుకుతున్న చేతుల్తో ఐదొందల నోటు తీసి ఇవ్వబోయారు. కుర్రాడు తల అడ్డంగా ఊపాడు. మాలో ఒకాయన ఆవడిలో చాలాకాలం పనిచేసి తమిళం నేర్చినవాడు. కుర్రాడు చెప్పింది ఆయన మాకు తెలుగులో చెప్పాడు: "ఇది కళ్ళక్కడల్. పొద్దున్నే చర్చి మైకులో చెప్పారు. మా పడవలన్నీ పైకి లాగేసుకున్నాం. మీకెవరూ చెప్పలేదా?"

నేను తల దించుకున్నాను.

ఆ సాయంత్రం మణికట్టుకు పిండికట్టు వేయించుకుని వదినగారు లాడ్జికి వచ్చారు. అందరం ఆవిడ గదిలో చేరాం. "అమ్మవారే ఆ కుర్రాడి రూపంలో వచ్చింది" అని ఒకరన్నారు. "రాహుకాలంలో బయల్దేరి ఉంటే దక్కేదా?" అని ఇంకొకరు. మర్నాడు అభిషేకం చేయించాలని తీర్మానమైంది. పది నిమిషాల్లో 11,116 రూపాయలు నా చేతికొచ్చాయి. నేను రాసుకున్నాను. ఐదొందల నోటు కూడా ఏఓ గారు నాకే ఇచ్చి, "దీన్ని కూడా అందులో కలిపెయ్యండి" అన్నారు. కలపలేదు.

ఇక వాదన.

లెక్కల్లో మొట్టమొదటి పాఠం, ప్రతి పద్దుకీ రెండు వైపులుంటాయి. ఒకచోట జమ రాస్తే ఇంకోచోట ఖర్చు రాయాలి. కుర్రాణ్ణి పంపింది అమ్మవారు అని జమ రాస్తే, అలని పంపింది ఎవరు? అది కూడా అదే ఖాతాలో ఖర్చు రాయాలి కదా. "అబ్బే, అల ప్రకృతి, కుర్రాడు దైవం" అంటే కుదరదు. మంచి జరిగితే దేవుడి లెక్క, చెడు జరిగితే కర్మ లెక్క, గ్రహాల లెక్క, లేదా మన పొరపాటు లెక్క. ఇలా ఒకవైపే పద్దులు రాసే గుమాస్తాని నా సర్వీసులో ఒక్కరోజు సీట్లో ఉంచేవాణ్ణి కాదు. మన దేశంలో ఈ ఒంటివైపు లెక్క తరతరాలుగా నడుస్తోంది, అడిగే ఆడిటరు లేడు.

"తెలియనిది ఏదో ఉంది కదండీ" అంటారు. ఉంటుంది. ఎవరి సొమ్మో, ఏ పద్దుదో తేలని మొత్తం వస్తే మా శాఖలో సస్పెన్స్ ఖాతాలో పెడతాం. కాగితాలు దొరికాక అసలు ఖాతాకి మారుస్తాం. పక్క సీటువాడి పేరున జమ చెయ్యం. తెలియనిదాన్ని తెలియనిదిగానే ఉంచటం నిజాయితీ. దాన్ని పట్టుకెళ్ళి దేవుడి ఖాతాలో వెయ్యటం తప్పుడు లెక్క. పైగా ఇక్కడ తెలియనిదేమీ లేదు. అల ఎక్కణ్ణించి వచ్చిందో తెలుసు. కాపాడింది ఎవరో కళ్ళారా చూశాం.

అల సంగతి చూద్దాం. కళ్ళన్ అంటే దొంగ. కడల్ అంటే మన కడలే. కళ్ళక్కడల్ అంటే దొంగ సముద్రం. కేరళ, కన్యాకుమారి జాలర్లు పెట్టిన పేరిది. 2012లో యునెస్కో కూడా ఈ మాటను శాస్త్ర పరిభాషగా ఒప్పుకుంది. దొంగ అని ఎందుకన్నారంటే, ఇది ఇక్కడి గాలితో పుట్టే అల కాదు. ఎక్కడో దక్షిణాన, హిందూ మహాసముద్రం అడుగు భాగంలో తుపాను గాలులు వీస్తే అక్కడ పుట్టి, వేల కిలోమీటర్లు నడిచి, ఇక్కడ గాలి లేని రోజున కూడా ఒడ్డెక్కుతుంది. గాలి పడిపోయింది కనక సముద్రం చల్లబడిందని మేం అనుకున్నది అందుకే పప్పులో కాలెయ్యటం.

లెక్క వేసి చూపిస్తాను, ఇది నా చేతనైన పని. అలకీ అలకీ మధ్య 18 సెకన్లు ఉండే ఇలాంటి అలల గుంపు లోతైన నీళ్ళలో గంటకి సుమారు 50 కిలోమీటర్లు కదులుతుంది. 5,000 కిలోమీటర్ల దూరం రావాలంటే 100 గంటలు. అంటే నాలుగు రోజుల నాలుగు గంటలు. సోమవారం పదకొండున్నరకి మా వదినగారిని పడేసిన అల ఈ లెక్కన గురువారం ఉదయం ఏడున్నర ప్రాంతంలో బయల్దేరింది. అప్పటికి సికింద్రాబాదులో మేమింకా పెట్టెలే సర్దుకోలేదు. గురువారం రాహుకాలం మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి మూడు దాకా. కనక అల మాత్రం మంచి టైము చూసుకునే బయల్దేరింది!

రోజుకి గంటన్నర చొప్పున లెక్కగట్టిన రాహుకాలం ఈ అలని ఎలా పట్టుకుంటుంది? పట్టుకున్నది ఎవరో చెబితే మా బృందంలో చాలామంది ఆశ్చర్యపోయారు. 1999లో ఏర్పడిన ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ. మహాసముద్రాల సమాచారం సేకరించి జాలర్లకీ తీర రాష్ట్రాలకీ అందించటం దాని పని. అది ఎక్కడుందంటే, సముద్రం కంటికి కనబడని మన హైదరాబాదులో, ప్రగతినగర్ దగ్గర. మా వాళ్ళలో ఒకరింటి నుంచి సిటీబస్సు దూరం. మన ఊళ్ళో కూర్చుని లెక్కగట్టినవాళ్ళ మాట కోవళం చర్చి మైకు దాకా వెళ్ళింది, పడవలు పైకెక్కాయి. అదే ఊరి నుంచి వెళ్ళిన మా పదిహేడు మంది చెవులకి మాత్రం ఎక్కలేదు. చర్చి మైకు అన్నానని నన్నెవరూ తప్పుపట్టక్కర్లేదు. అలల సమాచారం చెప్పే మైకు గుడిదైనా, మసీదుదైనా, చర్చిదైనా నాకు అభ్యంతరం లేదు.

ఇది నవ్వులాట కాదు. 2024 మే 6న అదే కన్యాకుమారి జిల్లాలో, గణపతిపురం దగ్గర లెమూర్ బీచ్‌లో ఐదుగురు వైద్య విద్యార్థులు అలలకు కొట్టుకుపోయి చనిపోయారు. కళ్ళక్కడల్ హెచ్చరిక అప్పటికే ఉంది. చదువుకున్న పిల్లలు, డాక్టర్లు కావలసినవాళ్ళు. వాళ్ళని నేను తప్పుపట్టటం లేదు. హెచ్చరిక ఉండటం వేరు, అది మనిషికి చేరటం వేరు, చేరినా మనిషి లెక్కచెయ్యటం వేరు. మూడోది మా దగ్గరే తప్పింది.

నాకు ఎదురయ్యే ప్రశ్నలు నాకు తెలుసు. వరసగా తీసుకుంటాను.

ఒకటి. "రాహుకాలం పాటించటం వల్లే ప్రమాదం జరిగిందంటారా?" అనను. ఏడున్నరకే బయల్దేరి ఉంటే పదకొండు లోపు ఆ రాళ్ళు దాటేసేవాళ్ళమన్న మాట నిజం. కానీ అల్పాహారం ఆలస్యమైనా అదే జరిగేది. ముందు జరిగింది కనక వెనక జరిగినదానికి అదే కారణం అనటం జ్యోతిష్కుల పద్ధతి, నేనెందుకు వాడాలి? నేననేది వేరే. ఏ జాగ్రత్త తీసుకోవాలో అది తీసుకోకుండా, జాగ్రత్త తీసుకున్నామన్న తృప్తిని మాత్రం రాహుకాలం ఇచ్చింది. గంటన్నర కూర్చున్నాం కదా, ఇక గండం గడిచిందనుకున్నాం. తడిరాయి మీద ఆ ధైర్యం చాలా ప్రమాదం.

రెండు. "నమ్మకం వల్ల మనశ్శాంతి వస్తుంది, మీకొచ్చిన నష్టమేమిటి?" మనశ్శాంతి మీద నాకు అభ్యంతరం లేదు. నష్టం మాత్రం ఉంది, పుస్తకంలో కనబడుతూనే ఉంది. 11,116 ఒకవైపు, 500 ఒకవైపు. అభిషేకం చేయించుకోవద్దని నేననలేదు, ఎవరి డబ్బు వారిష్టం. కానీ 'ఆ రూపంలో వచ్చింది' అన్న మూడు మాటలతో ఆ కుర్రాడి ధైర్యాన్ని, ఈతని, కాలిమీది గాయాన్ని మొత్తం తీసి ఇంకొకరి ఖాతాకి మార్చేశాం. వోచరు లేదు, సంతకం లేదు. ఆస్పత్రిలో నర్సు రాత్రంతా మేలుకుంటే 'దేవతలా వచ్చింది' అంటాం. ఆపరేషన్ చేసిన డాక్టరు 'నిమిత్తమాత్రుడు' అవుతాడు. మనిషి చేసిన మేలుని మనిషి పేరున రాయటానికి మనకి ఎందుకింత కష్టం? దేవుడి పేరున రాస్తే తీర్చాల్సిన బాకీ ఉండదనా? కొబ్బరికాయతో సరిపోతుంది. మనిషి పేరున రాస్తే అతని ముఖం చూడాలి, అతని కాలు మానిందో లేదో కనుక్కోవాలి.

మూడు. "మీ శాస్త్రం కూడా తప్పుతుంది కదా?" తప్పుతుంది. 2017 నవంబరు 29, 30 తేదీల్లో ఓఖీ తుపాను కన్యాకుమారి మీదికి వచ్చినప్పుడు హెచ్చరిక ఆలస్యమైంది. అది వెలువడేసరికి ఎంతోమంది జాలర్లు నడిసముద్రంలో ఉన్నారు. చాలామంది తిరిగి రాలేదు. వాళ్ళ కుటుంబాలు రోడ్డెక్కి ప్రభుత్వాన్ని నిలదీశాయి. నిలదీయాలి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చిననాడు హిందూ మహాసముద్రానికి హెచ్చరిక వ్యవస్థే లేదు. కన్యాకుమారి జిల్లాలో కొళచ్చల్ లాంటి ఊళ్ళు శవాల దిబ్బలయ్యాయి. ఆ తప్పు నుంచే 2007లో హైదరాబాదులో సునామీ హెచ్చరిక కేంద్రం వచ్చింది. తేడా ఇక్కడుంది. శాస్త్రానికి ఆబ్జెక్షన్ మెమో వెయ్యచ్చు. అది జవాబు చెప్పాలి, దిద్దుకోవాలి. పంచాంగానికి ఎవరైనా ఆడిటు పేరా రాశారా? ఫలానా ఏడాది చెప్పిన ఫలితాల్లో ఎన్ని జరిగాయి, ఎన్ని జరగలేదు అని పేజీ చివర లెక్క చూపించిన పంచాంగం మీరు చూశారా?

మన తీరం సంగతే చూడండి. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పదివేలకు పైగా జనం పోయారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం నెత్తినే తీరం దాటింది, ఊరు ఊరంతా ధ్వంసమైంది, కానీ పోయిన ప్రాణాలు పదుల్లోనే. 1977లో దివిసీమ జనానికి భక్తి తక్కువా? గుడులు లేవా, మొక్కులు లేవా? రెండు ఉప్పెనలూ ఒకటి కావు, నిజమే. అయినా నడిమధ్య మారింది ఏమిటి? ఉపగ్రహాలొచ్చాయి, రాడార్లొచ్చాయి, తుపాను షెల్టర్లొచ్చాయి. ముందుగా చెప్పి జనాన్ని లారీలెక్కించే యంత్రాంగం వచ్చింది. మొక్కులు అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. రెండు చోట్లా సమానంగా ఉన్న అంకెని తేడాకి కారణంగా చూపించటం ఏ లెక్కల్లో కుదురుతుంది?

నాలుగు. "అయినా మహిమలు లేవంటారా? ఫలానా గుడిలో సూర్యకిరణాలు దేవుడి పాదాల మీద పడతాయి కదా?" పడతాయి. శ్రీకాకుళం జిల్లా అరసవల్లిలో మార్చిలో, అక్టోబరులో అలా పడటం చూడటానికి జనం విరగబడతారు. ఆదివారం సాయంత్రమే మేం కన్యాకుమారిలో గాంధీ మండపం చూశాం. 1956లో కట్టారు. ఏటా అక్టోబరు 2న మధ్యాహ్నం కప్పులోంచి ఎండ సరిగ్గా అస్థికల కలశం ఉంచిన చోట పడేలా కట్టారు. అక్కడ ఎవరూ మహిమ అనలేదు, "ఇంజనీర్లు ఎంత లెక్కగా కట్టారో" అన్నారు. ఆ మాటే అరసవల్లి శిల్పులకి ఎందుకు అనం? గాంధీ మండపం మేస్త్రీకి జమ రాసిన చేత్తోనే అరసవల్లి మేస్త్రీకి కూడా రాయండి. శతాబ్దాల కిందట సూర్యుడి నడక కనిపెట్టి రాయి పేర్చిన మనిషి పేరు పోయింది. కనీసం అతని పనైనా అతనికి ఉంచుదాం.

ఇక చివరిది, అసలైనది. ఇది ఎవరూ అడగలేదు, నాకు నేనే వేసుకున్న ప్రశ్న.

"హెచ్చరిక చూసింది నువ్వే కదా. గాలి పడిపోయి అందరూ రాళ్ళు దిగుతున్నప్పుడు నువ్వెక్కడున్నావు?"

పైనే నిలబడి ఉన్నాను. టైము చూసుకున్నాను కూడా, పదకొండు దాటింది. 'దిగకండి' అని అరవచ్చు. అరవలేదు. రాత్రి అంతా నవ్వారు కదా, మళ్ళీ చెబితే "ఈయనకి ఎప్పుడూ ఇదే గోల" అంటారని మొహమాటం. ఆవిడ పసుపు కుంకుమతో దిగుతున్నారు కనక, నేను అడ్డు చెబితే పూజకి అడ్డు చెప్పినట్టవుతుందని ఇంకో మొహమాటం. పరిచయం లేని భాషలో ఆ కుర్రాడు గొంతు చించుకుని అరిచాడు. సొంత భాష వచ్చిన నేను నోరు మూసుకున్నాను. దేవుడున్నాడా లేడా అని ముప్ఫై ఏళ్ళుగా సమావేశాల్లో వాదించినవాణ్ణి. 'రాళ్ళమీదికి వెళ్ళకండి' అన్న ఒక్క వాక్యం రెండోసారి చెప్పలేకపోయాను. మణికట్టుతో పోయింది కనక ఇది రాస్తున్నాను. ప్రాణం పోయి ఉంటే ఆ ఖర్చు రాహుకాలం ఖాతాలో రాసేసి నేను చేతులు దులుపుకునేవాణ్ణేమో.

హేతువాద మిత్రులకి నేను చెప్పదలచుకున్నది ఇదే. శాస్త్రీయ దృక్పథం పెంపొందించుకోవటం పౌరుడి విధి అని 1976లో మన రాజ్యాంగంలో 51ఎ అధికరణం కింద చేర్చారు. సభల్లో ఎన్నోసార్లు చెప్పుకున్నాం. ఆ విధి ఉపన్యాసం దగ్గర మొదలై ఉపన్యాసం దగ్గరే ఆగిపోతే అదీ ఒక రకం మంత్రమే. బాబాల గుట్టు రట్టు చెయ్యటం తేలిక, వాళ్ళు మనకేమీ కారు. తెలిసినవాళ్ళ మధ్య, గౌరవించే పెద్దల ముందు, నవ్వులపాలవుతామని తెలిసి కూడా "ఆగండి" అనటం కష్టం. హేతువాదం పనికి రావలసింది అక్కడే.

తిరిగి వచ్చాక బృందానికి ఒక పేజీ మెమో రాశాను. ఇకమీదట ఏ నడకకైనా బయల్దేరే ముందు ఆ రోజు వాతావరణ సమాచారం, తీరమైతే అలల సమాచారం, అందరి ముందూ పైకి చదవాలి. స్థానికులు ఎవరైనా చేతులూపితే ముందు ఆగి, వాళ్ళేం చెబుతున్నారో వినాలి. నేను హెచ్చరిక తెలిసి ఊరుకున్నానని కూడా అందులోనే రాశాను. ఏఓ గారు చదివి ఫోను చేశారు. చాలాసేపు ఏమీ అనలేదు. "నేను నవ్వకుండా ఉండాల్సింది" అన్నారు చివరికి. తర్వాతి ఆదివారం నడకకి వచ్చి, "ఇవాళ వానేమైనా ఉందేమో చూశారా?" అని ఆయనే అడిగారు. తర్వాత జేబులోంచి పంచాంగం కూడా తీసి చూసుకున్నారు. సరే, రెండూ చూసుకోమనండి. గొడుగు తెచ్చుకున్నారు కదా.

ఆ 11,116 ఖర్చయిపోయింది, రసీదు ఉంది, ఆ పద్దు మూసేశాను. ఐదొందల నోటు మాత్రం ఇంకా నా దగ్గర పుస్తకంలోనే ఉంది. సస్పెన్స్ ఖాతాలో రాశాను. అసలు ఖాతాకి మార్చాలంటే పేరు కావాలి. అమ్మవారి పేరు మా పదిహేడు మందికీ తెలుసు. ఆ కుర్రాడి పేరు ఒక్కరం కూడా అడగలేదు. కట్టుకట్టిన మా ఆవిడ అడగలేదు, తమిళం వచ్చినాయన అడగలేదు, లెక్కలు రాసిన నేనూ అడగలేదు.

మీ జీవితంలో ఇలాంటి పద్దులు ఎన్ని ఉన్నాయో ఒకసారి పుస్తకం తీసి చూసుకోండి. ఎవరు చేసిన మేలు ఎవరి ఖాతాలో జమ వేశారో ఆలోచించండి. పేరు కనుక్కునే వీలుంటే ఇవాళే కనుక్కోండి.